సోలార్ పైపుకు డమ్మీ కొట్టించాను, ఇప్పుడు ట్యాంకు చప్పుడు చేస్తోంది

పానగల్_రోడ్డు
నల్లగొండలో ఇల్లు కట్టుకుని ఏడాదిన్నర అయింది. మేడ మీద 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ ఉంది, 20 గాజు ట్యూబులది. మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. రెండు నెలలుగా ట్యాంకు మీద నిలబెట్టిన సన్న పైపు లోంచి వేడినీళ్లు కారుతున్నాయి. డాబా అంతా తెల్లటి సున్నపు మరకలు, కింద మెట్ల గది గోడకు చెమ్మ. పోయిన ఆదివారం ప్లంబర్ వచ్చి "ఇది గాలి పైపు, దీంతో పనేం లేదు" అని డమ్మీ (పైపు మూతిని మూసే బిరడా) కొట్టి వెళ్లాడు. కారడం ఆగింది. కానీ అప్పటి నుంచి మధ్యాహ్నం రెండయ్యేసరికి ట్యాంకు టక్కు టక్కుమంటోంది. ఇవాళ పక్క మూత దగ్గర బొట్లు కూడా పడుతున్నాయి. అమ్మ భయపడి బట్టలు ఆరేయడానికి కూడా పైకి వెళ్లడం లేదు. ట్యాంకు పోయినట్టేనా?

ఊక_బాయిలర్
ముందు ఇది చదవండి, మిగతాది తర్వాత. ఆ డమ్మీ తీయాలి, కానీ ఎండలో ఇప్పుడు తీయొద్దు, ఆవిరి మొహం మీదికి కొడుతుంది. కింద బాత్‌రూమ్‌లో వేడినీళ్ల కుళాయి పక్కకు నిలబడి తిప్పండి, సన్న ధారగా వదిలేయండి. లోపలి ఒత్తిడి అలా దిగుతుంది. ట్యూబుల మీద టార్పాలిన్ గానీ గోనెసంచులు గానీ కప్పండి. చల్లనీళ్లు పోసి చల్లార్చాలని మాత్రం చూడొద్దు, గాజు పగులుతుంది. చల్లనీళ్ల వాల్వు కట్టొద్దు. రేపు తెల్లవారుజామున, అంతా చల్లబడ్డాక డమ్మీ విప్పండి. పిల్లల్ని పైకి పంపకండి.

మాది మిర్యాలగూడ. 19 ఏళ్లుగా ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పని. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పానగల్_రోడ్డు
కుళాయి తిప్పాను. మొదట బుస్సుమని గాలి, ఆవిరి, తర్వాత మరిగే నీళ్లు. ట్యూబులు కప్పేశాను. చప్పుడు తగ్గింది.

గద్వాల_కోట
ఇంత టెన్షన్ అక్కర్లేదేమో. మా ఇంట్లో నాలుగేళ్లుగా ఆ పైపు మూసే ఉంది, ఏమీ కాలేదు.

పాలమూరు_పైపులు
గద్వాల అన్నా, మీ ఇంట్లో ఏమీ కాకపోవడానికి కారణం ఉంది. మీ చల్లనీళ్ల లైనులో ఎన్ఆర్‌వీ, అంటే నీళ్లను ఒకే వైపు పోనిచ్చే వాల్వు, ఉండి ఉండదు. నీళ్లు వేడెక్కి పెరిగినప్పుడు వచ్చిన దారినే వెనక్కి, పైట్యాంకులోకి పోతున్నాయి. పానగల్ అన్న ఇంట్లో డమ్మీ కొట్టగానే చప్పుడు మొదలైందంటే వెనక దారి కూడా మూసి ఉందన్నమాట. చల్లనీళ్ల లైనులో ఎన్ఆర్‌వీ ఉందా అన్నా? సోలార్ ట్యాంకు దగ్గర పైపు మధ్యలో ఇత్తడి ముక్క, దాని మీద బాణం గుర్తు ఉంటుంది చూడండి.

మహబూబ్‌నగర్‌లో పదేళ్లుగా సోలార్‌లు బిగిస్తున్నాను. ఆ పైపును వెంట్ అంటాం. దాన్ని మూసిన ప్లంబర్‌తో నేను మాట్లాడటానికి సిద్ధం.

పానగల్_రోడ్డు
ఉంది తమ్ముడూ. బాణం ట్యాంకు వైపు చూపిస్తోంది.

గద్వాల_కోట
మా ఇంట్లో లేదు. ఇప్పుడే చూసొచ్చాను. అయినా డమ్మీ తీయించనా?

పాలమూరు_పైపులు
తీయించండి. నీళ్లకు వెనక దారి ఉంది సరే, గాలికీ ఆవిరికీ ఆ పైపు ఒక్కటే దారి.

వనపర్తి_ఫిజిక్స్
ఎనిమిదో తరగతి పిల్లలకు ఇదే చెబుతాను, కాబట్టి లెక్కతో రాస్తాను. 4 డిగ్రీల దగ్గర నీళ్లు అతి తక్కువ చోటులో ఇమిడి ఉంటాయి. అక్కడి నుంచి వేడెక్కే కొద్దీ పెరుగుతాయి. 25 డిగ్రీల నీళ్లు 60కి వస్తే సుమారు 1.4 శాతం, 80కి వస్తే సుమారు 2.6 శాతం పెరుగుతాయి. అంటే మీ 200 లీటర్లు 80 డిగ్రీలకు వచ్చేసరికి 205 లీటర్లు దాటతాయి. ఆ ఐదు లీటర్లు ఎక్కడికో పోవాలి.

గాలి అయితే నొక్కితే నొక్కుకుంటుంది. నీళ్లు నొక్కుకోవు. ఆ ఐదు లీటర్లను అదే ట్యాంకులో బలవంతంగా ఇమడ్చాలంటే చదరపు సెంటీమీటరుకు 500 కిలోలకు పైగా ఒత్తిడి కావాలి. సోలార్ ట్యాంకు లోపల ఉండేది పలచని స్టీలు రేకు. అంతకు చాలా ముందే అతుకు దగ్గర చీలుతుంది, లేదా ఎక్కడ రబ్బరు ఉంటే అక్కడ తన్నుకొస్తుంది.

ఊక_బాయిలర్
మేడమ్ చెప్పింది నీళ్ల సంగతే. మరిగితే ఇంకా వేరు. లీటరు నీళ్లు ఆవిరైతే 1600 లీటర్లకు పైనే అవుతుంది. మా మిల్లు బాయిలర్‌కు సేఫ్టీ వాల్వులుంటాయి, ఏటా ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. ఇంటి మీద సోలార్‌ను చూసేవాడెవడూ లేడు, చూసుకోవాల్సింది మనమే.

జడ్చర్ల_జంక్షన్
మాకూ కారుతుంది. రోజూ కారుతోందంటే అది పెరిగిన నీళ్లే అనుకోవచ్చా?

వనపర్తి_ఫిజిక్స్
అలా అనుకోకుండా కొలవండి. పైపు మూతికి సన్న గొట్టం తొడిగి కింద బకెట్ పెట్టండి, గొట్టం మాత్రం వదులుగా ఉండాలి. 200 లీటర్ల ట్యాంకుకు రోజుకు ఐదారు లీటర్ల లోపు పడితే అది నీళ్లు పెరగడం వల్లే. బకెట్లకు బకెట్లు పడితే కారణం వేరే ఉంది. పానగల్ రోడ్డు గారు కూడా డమ్మీ తీశాక ఇదే చేయండి.

దేవరకొండ_82
పైపు మూసుకుపోతే ఇంకో ప్రమాదం కూడా ఉంది, దాన్నెవరూ చెప్పలేదు. మా సోలార్ ట్యాంకు బయటికి పగల్లేదు, లోపలికి నలిగింది. కాలితో తొక్కిన పాల డబ్బా లాగా. ఎవరో కొట్టారేమో అనుకున్నాను.

వెంట్ పైపులో కందిరీగ మట్టి గూడు పెట్టింది. అది మాకు తెలియదు. సోలార్‌కు వచ్చే చల్లనీళ్ల వాల్వు కట్టేసి ఉన్న రోజు, కింది అంతస్తులో మా నాన్న వేడినీళ్ల కుళాయి పూర్తిగా తిప్పాడు. నీళ్లు కిందికి లాగుతున్నాయి, పై నుంచి చల్లనీళ్లు రావు, గాలి రాదు. ట్యాంకు ముడుచుకుపోయింది. కొత్త ట్యాంకు కొనాల్సి వచ్చింది.

వనపర్తి_ఫిజిక్స్
దేవరకొండ గారూ, మీ కుళాయి ట్యాంకు కన్నా ఆరు మీటర్లు కింద ఉందనుకోండి. అప్పుడు చదరపు మీటరుకు 6 టన్నుల దాకా బయటి గాలి రేకును లోపలికి తోస్తుంది. ముడుచుకోక ఏం చేస్తుంది?

పాలమూరు_పైపులు
అందుకే పైపు మూతిని వంకీ తిప్పి కిందికి చూసేలా పెట్టి, సన్న జాలీ కట్టాలి. బోరు నీళ్లు వాడేవాళ్లు ఏడాదికోసారి లోపల తీగ ఆడించి చూడాలి. మన వైపు నీళ్లకు ముప్పావు ఇంచు పైపు లోపల సున్నం పేరుకుని పెన్ను రీఫిల్ అంత సందు మిగిలినవి చూశాను.

మర్రిగూడ_మంచినీళ్లు
సున్నం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా దగ్గర ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. సోలార్‌లో మరిగిన నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గుతుందని మా పక్కింటి వాళ్లు వంటకు కూడా అవే వాడుతున్నారు. నిజమేనా?

వనపర్తి_ఫిజిక్స్
కాదు, దయచేసి ఈ రోజే వాళ్లతో మాన్పించండి. కాచితే సున్నం కొంత అడుగున దిగుతుంది గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన వాటిలో అది ఇంకా చిక్కబడుతుంది. స్నానానికి పరవాలేదు. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ కుళాయి నీళ్లే వాడమనండి.

లీడ్స్_కల్వకుర్తి
మాది కల్వకుర్తి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. ఇక్కడ మా ఇంటికి నేల కింద వేడినీళ్ల పైపులు. పోయిన డిసెంబరులో మాకూ ఇదే సమస్య వచ్చింది.

ఇక్కడి పద్ధతి పూర్తిగా మూసిన లైను. పైకి తెరిచిన పైపేమీ ఉండదు. బదులుగా ఎర్రటి చిన్న డబ్బా ఒకటి తగిలిస్తారు, ఎక్స్‌పాన్షన్ వెసెల్ అంటారు. లోపల రబ్బరు పొర. ఒక వైపు గాలి, ఇంకో వైపు లైను నీళ్లు. నీళ్లు పెరిగితే రబ్బరు వంగి గాలి నొక్కుకుంటుంది, చల్లారితే తిరిగి తోస్తుంది.

మా నేల కింద సుమారు 500 మీటర్ల సన్న పైపు, అందులో 57 లీటర్ల నీళ్లు. ఫ్లోర్ హీటింగ్‌లో నీళ్లు మరీ వేడిగా ఉండవు, 35 నుంచి 45 డిగ్రీలే. 10 నుంచి 45కి వస్తే పెరిగేది అర లీటరు. ఆ అర లీటరుకే ఒత్తిడి మీటరు ముల్లు 1 నుంచి 3 బార్లకు (బార్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో) లేచి సేఫ్టీ వాల్వు కారింది. రాత్రి చల్లారాక చూస్తే ముల్లు సున్నా దగ్గర. మళ్లీ నీళ్లు నింపాను, మళ్లీ కారింది. వారం అదే పని.

చివరికి తెలిసింది, డబ్బాలో గాలి పోయింది. దానికి సైకిల్ ట్యూబుకున్నట్టే పిన్ను ఉంటుంది. పిన్ను నొక్కితే గాలి రావాలి. నీళ్లొస్తే రబ్బరు చినిగినట్టు. మాది గాలి తగ్గిందంతే. లైనులో ఒత్తిడి దించి, సైకిల్ పంపుతో 1 బార్ కొట్టాను. అప్పటి నుంచి ముల్లు కదిలితే ఒట్టు.

జడ్చర్ల_జంక్షన్
నేల వేడి చేసుకోవడానికి పైపులా! మా డాబా మీద మే నెలలో చెప్పుల్లేకుండా రెండడుగులు వేయండి అన్నా, ఉచితంగా వేడి.

లీడ్స్_కల్వకుర్తి
ఆ వేడి ఇక్కడికి పంపే పైపు ఉంటే ముందు నేనే బిగించుకుంటాను.

ఊక_బాయిలర్
లీడ్స్ తమ్ముడు చెప్పిన డబ్బానే మన దగ్గర కూడా పెట్టుకుంటే డాబా మీద ఈ పొడుగు పైపుల గొడవ ఉండదు కదా. సేఫ్టీ వాల్వు ఒకటి, డబ్బా ఒకటి, అయిపోతుంది.

పాలమూరు_పైపులు
ఊక అన్నా, ఇక్కడ మీతో ఒప్పుకోను. మీరు బాయిలర్ లెక్కలో ఆలోచిస్తున్నారు. మనవాళ్ల మేడల మీద ఎక్కువగా ఉండేవి ఒత్తిడి తట్టుకునే ట్యాంకులు కావు. గాజు ట్యూబుకూ ట్యాంకుకూ మధ్య ఉన్నది ఒక రబ్బరు రింగు మాత్రమే. దానికి సేఫ్టీ వాల్వు పెడితే వాల్వు లేవకముందే రింగు జారుతుంది. పైగా బోరు నీళ్లకు సేఫ్టీ వాల్వు రెండేళ్లలో సున్నం పట్టి బిగుసుకుంటుంది. వెంట్ పైపులో కదిలే భాగం ఒక్కటి కూడా లేదు. మన నీళ్లకు అదే నమ్మకం.

ఊక_బాయిలర్
రింగు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ ప్రెషర్ ట్యాంకు ఉన్నవాళ్లకు వాల్వు తప్పదు. దాని లివరు నెలకోసారి ఎత్తి, నీళ్లు చిమ్మి మళ్లీ ఆగుతున్నాయా చూడాలి. మిల్లులో మేం చేసేది అదే. ఎత్తని వాల్వు ఉన్నా లేనట్టే.

సూర్యాపేట_మూడో_అంతస్తు
మేం షవర్ కోసం ప్రెషర్ పంపు పెట్టించాలనుకుంటున్నాం. మామూలు గాజు ట్యూబుల సోలారే. పంపు లైనును సోలార్‌కు కూడా కలపొచ్చా?

పాలమూరు_పైపులు
అస్సలు కలపొద్దు. చల్లనీళ్లకు మాత్రమే పెట్టినా చిక్కే. మిక్సర్ కుళాయిలో రెండు వైపులా తెరిచి, చివర హ్యాండ్ షవర్ దగ్గర మూస్తే, పంపు నీళ్లు వేడి లైనులోకి ఎదురెక్కి సోలార్ వెంట్ నుంచి పోతాయి. సోలార్ చెడిందని ఫోన్ చేసిన ఇళ్లలో నేనిది చాలాసార్లు చూశాను. వేడి లైనులో సోలార్ తర్వాత, కిందికి దిగేచోట వేడి తట్టుకునే పంపు వేరేది పెట్టాలి. లేకపోతే మొత్తం ప్రెషర్ టైపు ట్యాంకుకు మారాలి.

వనపర్తి_ఫిజిక్స్
ప్రెషర్ టైపుకు మారేవాళ్లకు లీడ్స్ గారి డబ్బా సైజు కూడా లెక్క వేసి చెబుతాను. లైను ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు, వాల్వు 6కు లేస్తుంది, 5.4 దాటకూడదు అనుకుందాం. 200 లీటర్లలో పెరిగే 5.2 లీటర్లకు సుమారు 14 లీటర్ల డబ్బా వస్తుంది. అంతకన్నా చిన్నది వద్దు.

పానగల్_రోడ్డు
తెల్లవారి ఐదున్నరకు డమ్మీ విప్పాను. అప్పటికీ చిన్నగా బుస్సుమంది. పక్క మూత దగ్గర బొట్లు చూస్తే, ట్యాంకు చీలలేదు. చివరి ట్యూబు రబ్బరు రింగు బయటికి జారింది, ఆ నీళ్లే మూత వెంట కారుతున్నాయి. కొత్త రింగు వేయించాను.

మేడమ్ చెప్పినట్టు బకెట్ పెట్టాను. సాయంత్రానికి 18 లీటర్ల బకెట్లు మూడు నిండాయి! ఎక్కువగా పొద్దున మోటరు వేసిన తర్వాతే పడ్డాయి.

వనపర్తి_ఫిజిక్స్
54 లీటర్లు. అది నీళ్లు పెరగడం కాదు. మీ పైట్యాంకులో నీటి మట్టం వెంట్ మూతి కన్నా ఎత్తులో ఉంది. ఈ మధ్య పైట్యాంకు మార్చారా?

పానగల్_రోడ్డు
అయ్యో. రెండు నెలల క్రితమే. షవర్‌లో ధార చాలడం లేదని పైట్యాంకు కింద మూడడుగుల ఇటుక దిమ్మె కట్టించాను. కారడం మొదలైంది కూడా అప్పుడే. ఆ రెండూ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

దేవరకొండ_82
దొరికింది దొంగ.

పాలమూరు_పైపులు
మేస్త్రీ దగ్గర మట్టం చూసే నీళ్ల గొట్టం ఉంటుంది కదా, అది తెచ్చి పైట్యాంకు నిండు మట్టానికీ వెంట్ మూతికీ తేడా చూడండి. వెంట్ ఆ మట్టం కన్నా రెండడుగులైనా పైన ఉండాలి. మామూలు పీవీసీ వేయొద్దు, వేడికి మెత్తబడి వంగుతుంది. సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్) గానీ జీఐ (జింకు పూత ఇనుము) గానీ వేసి, గాలికి ఊగకుండా క్లాంపులు కొట్టించండి.

వనపర్తి_ఫిజిక్స్
రెండడుగులు ఎందుకంటే, వేడినీళ్లు తేలిక కాబట్టి వెంట్‌లో అవి చల్లనీళ్ల మట్టం కన్నా కాస్త ఎత్తుకు నిలబడతాయి. 80 డిగ్రీల దగ్గర రెండు మీటర్ల స్తంభానికి రెండు ఇంచుల తేడా. సమానంగా పెడితే కారుతూనే ఉంటుంది.

పానగల్_రోడ్డు
మట్టం చూశాం. వెంట్ మూతి నిండు మట్టం కన్నా ఒక అడుగు కింద ఉంది. జీఐ పైపు మూడున్నర అడుగులు పెంచి, వంకీ, జాలీ పెట్టించాను. రెండు రోజుల నుంచి బకెట్‌లో నాలుగున్నర, ఐదు లీటర్లు పడుతున్నాయి. ఇది మేడమ్ చెప్పిన లెక్కే. కానీ ఇవి కూడా పడకుండా చేయొచ్చా?

జడ్చర్ల_జంక్షన్
పైపు ఇంకా పొడుగు పెంచితే అందులోనే నిలబడతాయి కదా?

వనపర్తి_ఫిజిక్స్
ముప్పావు ఇంచు పైపులో మీటరుకు సుమారు మూడో వంతు లీటరే పడుతుంది. ఐదు లీటర్లు పట్టాలంటే పైపు క్లాక్ టవర్‌తో పోటీ పడాలి.

పాలమూరు_పైపులు
ఎన్ఆర్‌వీ తీసేస్తే అవి వెనక్కి పైట్యాంకులోకి పోతాయి. కానీ ఒక షరతు. సోలార్‌కు పైట్యాంకు నుంచి విడిగా లైను ఉండాలి. బాత్‌రూమ్ చల్లనీళ్లకూ సోలార్‌కూ ఒకే లైను అయితే, పైట్యాంకు ఖాళీ అయినప్పుడు చల్లనీళ్ల కుళాయిలో వేడినీళ్లు వస్తాయి. అలాంటి ఇంట్లో ఎన్ఆర్‌వీ ఉంచి, ఆ ఐదు లీటర్లను పైపుతో మొక్కలకో మోరీకో వదలడమే మంచిది. విడి లైను ఉంటే ఎన్ఆర్‌వీ తీసి, సోలార్ దగ్గరికి వచ్చే పైపును కిందికి యూ ఆకారంలో వంచి పైకి తేవాలి. వేడినీళ్లు తేలిక కదా, ఆ వంపు దాటి వెనక్కి ఎక్కువగా దిగవు.

ఊక_బాయిలర్
శివరాత్రికి చలి శివశివా అని పోయింది, ఇక మన స్నానాలకు వేడినీళ్లు అంతగా పట్టవు. వాడకం తగ్గితే ట్యాంకు మరుగుతుంది. మార్చి నుంచి జూన్ దాకా సగం ట్యూబులు కప్పేయండి. ఊరెళ్తే మొత్తం కప్పండి. ఎండలో ఖాళీగా ఉన్న ట్యూబుల్లోకి మాత్రం నీళ్లు వదలొద్దు, అవి 200 డిగ్రీలు దాటి ఉంటాయి, నీళ్లు తగలగానే పగులుతాయి. నింపేదేదైనా సూర్యుడు రాకముందే.

గద్వాల_కోట
డమ్మీ తీయించాను. లోపల పైపు సగానికి సున్నం. పాలమూరు తమ్ముడికి కృతజ్ఞతలు.

పానగల్_రోడ్డు
మాది విడి లైనే. ఎన్ఆర్‌వీ తీయించి యూ వంపు పెట్టించాను. పది ట్యూబులు కప్పాను. మూడు రోజులుగా బకెట్ పొడిగా ఉంది. ఇవాళ అమ్మ బట్టలు మేడ మీదే ఆరేసింది.

డమ్మీ కొట్టిన ప్లంబర్‌ను పిలిచి మీ అందరి మాటలు చదివి వినిపించాను. కోపగించుకోలేదు, శ్రద్ధగా విన్నాడు. ఇలాంటి డమ్మీలే మా వీధి వెనక ఇంకో రెండు ఇళ్లకు కొట్టాడట. ఆ రెండూ ఎక్కడో చూపించమన్నాను. రేపు తెల్లారి ఎండ రాకముందే ఇద్దరం కలిసి వెళ్తున్నాం.

ఊక_బాయిలర్
ఈ రాత్రికే ఆ ఇళ్ల వాళ్లకు ఫోన్ చేసి వేడినీళ్ల కుళాయి కాస్త తిప్పి ఉంచమనండి. తెల్లారి తీశాక ఇక్కడ రాయండి, ఎదురు చూస్తుంటాను.